వెనక తలుపు ఆఫీసు

ఆరోగ్యం కావాలనుకునేవాళ్ళు జిమ్ముకు వెళ్ళడం మానేసి, ఇంటి నుంచి పని చేసే ఉద్యోగం ఒకటి వెతుక్కోవాలని నా అభిప్రాయం.

నవ్వకండి. చాలా ఆలోచించాకే ఈ మాట అంటున్నాను. మా ఇంట్లో అలాంటి ఉద్యోగిని ఒకరున్నారు. మా అన్నయ్య భార్య, అంటే మా వదిన. ఆవిడను మూడు నెలలు దగ్గరుండి గమనించాను. ఒంటికీ మనసుకూ వీధికీ ఇంత మేలు చేసే పద్ధతిని ఎవరూ సరిగ్గా మెచ్చుకోలేదేమిటా అని నాకు బెంగగా ఉంది. ఆ లోటు నేనే తీరుస్తాను!

ముందు ఉద్యోగం సంగతి చెప్పాలి. మా వదినది వినే ఉద్యోగం. ఆసుపత్రుల్లో డాక్టర్లు రోగిని చూడగానే ఆ వివరాలన్నీ గబగబా రికార్డు చేసేసి వెళ్ళిపోతారు. ఆ రికార్డింగు వదిన కంప్యూటర్‌కు వస్తుంది. ఆవిడ హెడ్‌ఫోన్ తగిలించుకుని, విన్నది విన్నట్టు టైపు చేసి, రిపోర్టు పంపాలి. కుడి అన్నచోట ఎడమ పడకూడదు. ఒకటి అన్నచోట పది పడకూడదు. పడితే ఏమవుతుందో డాక్టరుకు తెలుసు. రోగికి ఇంకా బాగా తెలుస్తుంది.

వదిన అంతకుముందు పనిచేసిన క్లినిక్కు మూతపడి నాలుగేళ్ళయింది. ఆ నాలుగేళ్ళూ ఆవిడ వేసిన అప్లికేషన్లకు లెక్క లేదు. ఈ ఉద్యోగం వచ్చిన రోజు లాప్‌టాప్‌ను పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని ఇల్లంతా తిప్పింది. అయితే మొదటి మూడు నెలలు ప్రొబేషన్. ఆ మూడు నెలల్లో మూడు పెద్ద తప్పులు దొర్లితే ఇంటికి పంపేస్తారు. ఇంటి నుంచే పని చేసే మనిషిని ఇంటికెలా పంపుతారని నన్నడక్కండి. కంపెనీలు తలుచుకుంటే పంపగలవు!

ఆ కంపెనీలో హ్యాపీనెస్ ఆఫీసర్ అని ఒకావిడ ఉన్నారు. ఉద్యోగులు ఇంటి దగ్గర చురుగ్గా, ఆరోగ్యంగా, సంతోషంగా ఉన్నారో లేదో చూడటం ఆవిడ పని. ప్రతి సోమవారం వీడియోలో కనబడతారు. వెనక నాలుగు పూలకుండీలు, పక్కన గాజుగ్లాసులో నీళ్ళు, తెల్లటి గోడ. ఆవిడ ఇంటికి తలుపు ఉన్నట్టు ఎప్పుడూ అనిపించలేదు. కాలింగ్ బెల్ సంగతి సరేసరి.

ఆవిడ చెప్పే మొదటి సూత్రం: గంటకోసారి కుర్చీలోంచి లేవండి.

గంటకోసారా? మా వదిన అంత బద్ధకస్తురాలు కాదండీ! ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే రోజుకు నలభైసార్లు లేచింది. ఎందుకంటే ఆవిడ ఇంట్లో ఉంటుందన్న సంగతి రెండో రోజుకే వీధివీధంతా పాకింది. ఎదురింటి టైలరమ్మ గారు పార్సిల్ తెప్పించుకుంటే చిరునామాలో తన ఇంటి నంబరు రాసి, కింద మా ఇంటి గుర్తు పెట్టించారు. పక్కింటి మాస్టారు తాళంచెవి మాకిచ్చి వెళ్ళడం మొదలుపెట్టారు. మూలింట్లో ఉండే కండక్టర్ గారైతే మిక్సీ, మంచం కోళ్ళు, చివరికి ఇంటికి రంగు వేసుకునే నిచ్చెన కూడా మా ఇంట్లోనే పెట్టేశారు.

"ఇంట్లోనే ఉంటావుగా తల్లీ!" అనేవారు అందరూ. ఆ మాటలో ఎంత ఆప్యాయత!

మనిషికి నలుగురితో సంబంధాలు ఉండాలని రెండో సూత్రం. ఆఫీసులో కూర్చుంటే మహా అయితే పదిమందితో పరిచయం. మా వదినకు నెల తిరిగేసరికి ఏడుగురు కొరియర్ వాళ్ళు, ఇద్దరు నీళ్ళ క్యాన్ల వాళ్ళు, కరెంటు రీడింగు తీసే ఆయన, ఆయన సెలవులో ఉంటే వచ్చే ఆయన తెలుసు. బెల్ కొట్టే తీరును బట్టి ఎవరొచ్చారో చెప్పేది. ఏ ఆఫీసు నేర్పుతుందండీ ఇంత విద్య?

నీళ్ళు బాగా తాగాలని మూడోది. ఇక్కడ హ్యాపీనెస్ ఆఫీసర్ గారు ఒక చిన్న విషయం మరిచిపోయారు. ఎవరు తాగాలో చెప్పలేదు. వదిన తనకోసం గ్లాసులో నీళ్ళు పోసుకోగానే బెల్ మోగేది. వచ్చినవాళ్ళు ఎండన పడి వచ్చేవారు. ఆ గ్లాసు వాళ్ళకే పోయేది. అలా మా ఇంటి నుంచి రోజుకు రెండు బిందెల ఆరోగ్యం వీధిలోకి వెళ్ళేది.

ఇక కూర్చునే భంగిమ. పాదాల కింద ఎత్తు ఉండాలట, స్క్రీను కళ్ళకు సరిగ్గా ఎదురుగా ఉండాలట. దానికి ప్రత్యేకంగా బల్లలు కొనుక్కునేవాళ్ళు ఉన్నారట, పాపం. మాకు ఆ అవసరమే రాలేదు! కండక్టర్ గారి మిక్సీ అట్టపెట్టె మీద కాళ్ళు, టైలరమ్మ గారి ఇస్త్రీపెట్టె పార్సిల్ మీద లాప్‌టాప్. చక్కగా అమరింది. టైలరమ్మ గారు వచ్చి ఇస్త్రీపెట్టె పట్టుకుపోగానే స్క్రీను ఒళ్ళోకి దిగిపోయేది. మర్నాడు మాస్టారి పుస్తకాల కట్ట వస్తే గడ్డం దాకా లేచేది. మెడకు అన్ని రకాల వ్యాయామం!

కంపెనీ చేతికి పెట్టుకోమని ఒక గడియారం కూడా ఇచ్చింది. అది అడుగులు లెక్కపెడుతుంది. ఒకరోజు సాయంత్రం అది టింగుమని మోగి, "అభినందనలు! ఈ రోజు పదకొండు వేల అడుగులు నడిచారు!" అంది. ఆ రోజు వదిన పూర్తి చేసిన రిపోర్టులు మూడు.

మా అమ్మను కూడా ఇక్కడ చెప్పుకోవాలి. లేకపోతే అన్యాయమవుతుంది. అమ్మకు కోడలంటే ప్రాణం. కాకపోతే హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చోవడం పని అని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేది కాదు. కూర్చుని చేసేది పనెలా అవుతుంది?

"అమ్మాయ్, ఖాళీగానే ఉన్నావుగా, ఈ సూదిలో దారం ఎక్కించు."

"అత్తయ్యా, పనిలో ఉన్నాను."

"ఒక చెవి తీస్తే సరిపోతుందిలే. రెండు చెవులూ ఎందుకు దండగ?"

మూడో వారంలో పాలతను వచ్చాడు. వదిన ఒక చెవి తీసి అతనితో మాట్లాడింది. రెండో చెవిలో డాక్టరు గారు ఎవరి ఆపరేషన్ గురించో చెప్తూనే ఉన్నారు. చేతులు టైపు చేస్తూనే ఉన్నాయి. ఒకేసారి మూడు పనులు! ఎంత చురుకుదనం!

మర్నాడు కంపెనీ నుంచి సూపర్‌వైజర్ గారు ఫోన్ చేశారు. నెమ్మదైన మనిషి. నెమ్మదిగానే చదివారు.

"రోగికి రోజూ ఉదయం రెండు ప్యాకెట్లు, శనివారం వద్దు, ఆదివారం మాత్రం మూడు. ఇది డాక్టరు గారు చెప్పలేదమ్మా."

"లేదండీ," అంది వదిన, నేల చూస్తూ.

"మరి ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పానండీ. పాలతనికి."

అది మొదటి తప్పు. రెండోది అయిదో వారంలో పడింది. కంటి ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన రిపోర్టు అది. అంతా బాగానే టైపు చేసింది. చివరి వాక్యం దగ్గర అమ్మ వంటగదిలోంచి తన మోకాలి తైలం ఏదని కేకేసింది. "కంటి చుట్టూ వాపు తగ్గింది. తైలం అలమారలో కింద అరలో ఉంది" అని రిపోర్టు వెళ్ళిపోయింది. అక్కడి నర్సు నిజంగానే అలమార వెతికిందని తర్వాత తెలిసింది.

ఈసారి సూపర్‌వైజర్ గారు ఎక్కువసేపు మాట్లాడలేదు. "ఇంక ఒక్కటేనమ్మా మిగిలింది. జాగ్రత్త. నెలాఖరున ఒక గంట నేను లైన్‌లో ఉండి పరీక్ష పెడతాను. అందులో నెగ్గితే పర్మనెంట్. తప్పు పడితే నా చేతుల్లో ఏమీ ఉండదు," అన్నారు.

వదిన ఆ రోజు అన్నం ముందు చాలాసేపు ఊరికే కూర్చుంది. అన్నయ్య ఓదార్చాడు. "పోతే పోయింది, ఇంట్లోనే ఉంటావుగా," అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. వదిన కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. పాపం, ఎందుకు లేచిందో వాడికి ఇప్పటికీ తెలీదు.

ఇక్కడి నుంచి మా వదిన ఆరోగ్యం దెబ్బతినడం మొదలైంది. శ్రద్ధగా వినండి.

ఆ తర్వాతి సోమవారం బ్యాంకులో ఏవో కాగితాల మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. వదిన ఇస్త్రీ చీర కట్టుకుని, లాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరింది. వీధి చివర దాకా నేనూ తోడు వెళ్ళాను. నేను లైబ్రరీలో పని చేస్తాను. రోజూ ఎనిమిదిన్నరకు వెళ్ళి నాలుగింటికి వస్తాను.

టైలరమ్మ గారు గుమ్మంలో నిలబడి, "ఆఫీసుకా అమ్మా?" అన్నారు. ఆ "అమ్మా" లో కొత్త గౌరవం ఒకటి వినిపించింది. కండక్టర్ గారైతే స్కూటర్ పక్కకు తీసి దారి ఇచ్చారు!

బ్యాంకు పని అరగంటలో అయిపోయింది. తిరిగొచ్చేసరికి మా ఇంటి ముందు కాలవ కోసం తవ్వి పెట్టారు. గుమ్మం దాటే వీలు లేదు. వదిన వెనక సందులోంచి పెరట్లోకి వచ్చింది. మా ఇంట్లో వంటగదిని ఆనుకుని ఒక సామాన్ల గది ఉంది. దానికి రెండు తలుపులు. ఒకటి పెరట్లోకి, ఒకటి వంటగదిలోకి. వంటగది వైపు తలుపు తెరిచి చాలా కాలమైంది. ఆ గది తాళంచెవి వదిన దగ్గరే ఉంటుంది. ఇంట్లోకి వెళ్ళాలంటే బురద తొక్కాలి కదా, కాసేపు ఇక్కడే కూర్చుని ఒక రిపోర్టు చేసుకుందామనుకుంది.

పాత మంచం, విరిగిన కుర్చీ, ఒక టేబుల్ ఫ్యాన్, గోడకు ఆనించిన కండక్టర్ గారి నిచ్చెన. వదిన బియ్యం డ్రమ్ము మీద లాప్‌టాప్ పెట్టుకుంది. ఒక రిపోర్టు అయింది. రెండోది అయింది. తల ఎత్తి చూసేసరికి నాలుగు రిపోర్టులయ్యాయి. గడియారం చూసుకుంటే గంటంపావే పట్టింది! ఎవరూ పిలవలేదు. ఎందుకు పిలుస్తారు? ఆవిడ ఇంట్లో లేదు కదా!

ఆ సాయంత్రం నా గదిలోకి వచ్చి తలుపు వేసింది.

"చిట్టీ, నేను రేపటి నుంచి ఆఫీసుకు వెళ్తున్నాను."

"ఎక్కడ వదినా?"

"మన సామాన్ల గదిలో. ఎవరికైనా చెప్పావో, చూడు మరి!"

అలా మొదలైంది. పొద్దున్న ఎనిమిదిన్నరకు ముందు గుమ్మంలోంచి ఇద్దరం బయలుదేరేవాళ్ళం. వీధి మలుపులో నేను కుడివైపు లైబ్రరీకి, ఆవిడ ఎడమవైపు సందులోకి. ముందు గది నుంచి ఆ ఆఫీసుకు ఇంట్లోంచి నడిస్తే ముప్పై అడుగులు. వదిన వెళ్ళే దారిలో ఆరు నిమిషాలు. పెరట్లో బాత్రూం ఉండటం ఆ ఆఫీసుకున్న మరో సౌకర్యం. సాయంత్రం అయిదున్నరకు మళ్ళీ సందు చుట్టి, ముందు గుమ్మంలోంచి లోపలికి వచ్చేది.

వచ్చేసరికి అమ్మ మంచినీళ్ళతో ఎదురయ్యేది. "కూర్చో అమ్మా, అలిసిపోయి ఉంటావు." అంతకుముందు అదే అయిదున్నరకు ముందు గదిలో లాప్‌టాప్ మూస్తే, "అయిందా? అయితే ఆ బట్టలు మడతపెట్టు" అనేది! అన్నయ్య బ్యాగు అందుకునేవాడు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో వాడు వదిన చేతిలోంచి బరువు అందుకోవడం అదే మొదలు.

"బస్సులో సీటు దొరుకుతోందా?" అని అడిగాడొకసారి.

"రోజూ ఒకే సీటు," అంది వదిన. అబద్ధమాడదు మా వదిన.

కానీ ఆరోగ్యం? దాని గురించే కదా మనం మాట్లాడుకుంటున్నాం! ఆరోగ్యం పూర్తిగా పాడయింది. చేతి గడియారం రోజూ వణికిపోయేది. "పదిహేను వందల అడుగులు మాత్రమే. మీరు కదలడం లేదు. దయచేసి లేవండి!" వదిన లేచేది కాదు. రోజుకు పద్దెనిమిది రిపోర్టులు పంపేది. ఒక్కదాంట్లోనూ పాలప్యాకెట్ లేదు. హ్యాపీనెస్ ఆఫీసర్ గారు కంగారుపడి ఉత్తరం రాశారు. "ఈమధ్య మీ చురుకుదనం బాగా తగ్గింది. ఇంట్లో అంతా క్షేమమేనా?"

క్షేమమే. ఒక్క విషయంలో తప్ప.

ఆ గది గోడ పలచన. వంటగదిలో మాట్లాడుకునేవి వదినకు వినపడేవి. మొదటి వారం ఆ గోడ ఆవిడకు చాలా సంతోషాన్నిచ్చింది. అమ్మ టైలరమ్మ గారితో చెప్తోంది. "మా కోడలిది మామూలు ఉద్యోగం కాదమ్మా. పెద్ద పెద్ద డాక్టర్లు చెప్పింది ఈ పిల్ల రాస్తేనే లెక్క. పొద్దున పోతే సాయంత్రం గాని రాదు. మొహం వాడిపోతుంది పాపం."

అదే లాప్‌టాప్. అదే హెడ్‌ఫోన్. అదే మనిషి. మధ్యలో ఒక గోడ వచ్చింది, అంతే! వదిన నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

రెండో వారానికి ఆ నవ్వు తగ్గింది. పార్సిళ్ళు ఆగిపోలేదు కదండీ. బెల్ మోగుతూనే ఉంది. వదిన చెవులు వినే ఉద్యోగంలో ఆరితేరినవి. బెల్ మోగడం, అమ్మ కుర్చీ కిర్రుమనడం, "అమ్మయ్యో" అంటూ మోకాలు పట్టుకుని లేవడం, ఈడ్చుకుంటూ ముందు గదికి నడవడం, అన్నీ వినపడేవి.

"కోడలు గారు లేరా? పోన్లెండి, మీరెలాగూ ఇంట్లోనే ఉంటారు కదా పెద్దమ్మా. ఇవి కాస్త దాచండి."

అమ్మ కాస్త దాచేది. వచ్చి కూర్చునేది. మళ్ళీ బెల్.

వదిన రోజుకు ముప్పై ఎనిమిదిసార్లు లెక్కపెట్టింది. రెండు రిపోర్టుల మధ్యలో ఒకసారి లేచి వంటగది తలుపు గడియ మీద చెయ్యి కూడా వేసింది. తెరిస్తే అమ్మకు ఆసరా. తెరిస్తే రేపటి నుంచి మళ్ళీ ముందు గది, పాలతను, మూడో తప్పు. గడియ మీద చెయ్యి అలాగే ఉంచి కాసేపు నిలబడింది. తర్వాత వెనక్కి వచ్చి కూర్చుంది. ఆ సాయంత్రం నాతో చెప్తూ, "నా ఉద్యోగం నిలబెట్టుకోవడానికి అత్తయ్య మోకాళ్ళు వాడుకుంటున్నాను చిట్టీ," అంది.

పరీక్ష రోజు వచ్చింది. పదకొండు నుంచి పన్నెండు దాకా సూపర్‌వైజర్ గారు లైన్‌లో ఉంటారు. ఏ శబ్దం వచ్చినా ఆయనకు వినబడుతుంది. నేను తలనొప్పి అని చెప్పి సెలవు పెట్టి, ముందు గదిలో బెల్‌కు కాపలా కూర్చున్నాను. ఇద్దరు కొరియర్ వాళ్ళను బెల్ దగ్గరికి రాకముందే సైగలతో ఆపాను.

పదకొండుంబావుకు కండక్టర్ గారు బెల్ కొట్టలేదు. తలుపు తోసుకుని నేరుగా వంటగదిలోకి వెళ్ళారు. ఆయనకు మా ఇంట్లో అంత చనువు, ఎందుకంటే సగం సామాను ఆయనదే!

"పెద్దమ్మా, మా నిచ్చెన కావాలండీ. సామాన్ల గదిలో ఉంది కదా, తలుపు తీయండి."

వెనకాలే పరిగెత్తాను. అప్పటికే అమ్మ లేచి, ఆ తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది.

"తాళంచెవి మా కోడలి దగ్గరుంది నాయనా. ఆఫీసుకు పట్టుకుపోయింది. సాయంత్రం రా," అంది. గొంతు మామూలు కంటే బాగా తగ్గించింది.

"ఇటు తలుపుకు లోపల ఉత్త పాత గడియే కదండీ? ఒక్కసారి గట్టిగా తోస్తే ఊడొస్తుంది..."

"తొయ్యకు."

కండక్టర్ గారు చెవి రిక్కించారు. "లోపల ఫ్యాన్ తిరుగుతున్నట్టుందే!"

"దానికి ఆ జబ్బుంది. ఎవరూ లేకపోయినా తిరుగుతుంది."

"అదేంటండీ! పోనీ పెరటి వైపు తాళానికి మారు చెవి ఉంటుందేమో చూడండి. మీరు ఎలాగూ ఖాళీయే కదా!"

అమ్మ ఆయన వంక పైనుంచి కిందకు ఒకసారి చూసింది. స్టూలు ఒకటి కాలితో దగ్గరికి లాక్కుని, తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.

"ఖాళీ ఏంటి? నేను డ్యూటీలో ఉన్నాను. పన్నెండు దాకా నాతో మాట్లాడకూడదు. వెళ్ళు!"

కండక్టర్ గారు వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. ఎన్నో బస్సుల్లో ఎందరినో దింపేసిన మనిషి అంత మర్యాదగా దిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

నేను అమ్మ వంక చూశాను. అమ్మ పెదాల మీద వేలు పెట్టింది.

పన్నెండు గంటలకు లోపలి నుంచి గడియ తీసిన చప్పుడైంది. తలుపు సందులో వదిన మొహం కనబడింది. చెమటతో తడిసి, వెలిగిపోతూ ఉంది. "ఒక్క తప్పూ లేదన్నారు! పర్మనెంటు!" అంటూనే ఎదురుగా స్టూలు మీద అమ్మను చూసి ఆగిపోయింది.

"అత్తయ్యా... మీకు..."

"రెండో రోజే తెలిసింది," అంది అమ్మ. "ఆఫీసుకు వెళ్ళిన మనిషి చెప్పులు పెరట్లో ఎందుకుంటాయి? కనీసం గదిలో పెట్టుకోవాలన్న తెలివి ఉండొద్దూ? రోజూ వెళ్ళి వాటి మీద గోనె కప్పి, నువ్వు బయటికొచ్చే వేళకు తీసేసేదాన్ని. ఈ గోడ ఇటువైపూ పలచనే, పరీక్ష వేళ కూడా అదే చెప్పింది."

"మరి నాతో ఎందుకు అనలేదు?"

"అంటే నువ్వు ఇంట్లో ఉన్నట్టు అయిపోయేది కదా!"

వదిన అమ్మ కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చేసింది. అమ్మ తల నిమిరి, "ఏడుపు తర్వాత. ముందు లోపలికి పో. సాయంత్రం దాకా బయటికి రాకు. అయిదున్నరకు సందు చుట్టి ముందు నుంచి రా. వీధి చూస్తుంది," అంది.

సాయంత్రం వదిన సందు చుట్టి ముందు నుంచి వచ్చింది. అమ్మ నీళ్ళు ఇచ్చింది. అన్నయ్య బ్యాగు అందుకున్నాడు. పర్మనెంటు కబురు చెప్పగానే ఎగిరి గంతేశాడు. సంతోషం సద్దుమణిగాక అమ్మ మెల్లగా అడిగింది.

"పర్మనెంటు అంటే ఇంక ఎవరూ తీసేయలేరా?"

"లేరు అత్తయ్యా."

"సెలవులిస్తారా?"

"నెలకు రెండు. ఒంట్లో బాగోకపోతే ఇంకో రెండు."

అమ్మ కాసేపు మోకాలు రాసుకుంది. "ఈ ఇంట్లో అడుగుపెట్టి నాకు ముప్పై నాలుగేళ్ళు. నేను చేసిందీ ఇంటి నుంచి పనే. ఇంతవరకు ఎవరూ పరీక్షైనా పెట్టలేదు," అంది. తర్వాత వదిన వైపు వంగి, గొంతు తగ్గించి, "ఆ గదిలో మంచం ఒకటి ఉండాలి, పాతది. బాగానే ఉందా?" అని అడిగింది.

సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నరకు మా ఇంటి ముందు గుమ్మంలోంచి ముగ్గురం బయటికి వచ్చాం. అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. చేతిలో నా పాత కాలేజీ బ్యాగు. అందులో మోకాలి తైలం, ఒక దిండు కవరు, కళ్ళజోడు. ముందు తలుపుకు తాళం వేసి, చెవి నాకిచ్చింది. వీధి మలుపులో నేను కుడివైపు వెళ్ళాను. వాళ్ళిద్దరూ ఎడమవైపు తిరిగారు.

ఆ రోజు పది నుంచి పన్నెండున్నర దాకా అమ్మ ఆ పాత మంచం మీద కదలకుండా నిద్రపోయిందట. పగటిపూట అంతసేపు నిద్రపోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారట. వదిన ఫ్యాన్ ఆవిడ వైపు తిప్పి, పంతొమ్మిది రిపోర్టులు చేసింది.

పాఠకులారా, ఇంటి నుంచి పని ఒక వరమని నేను ఇప్పటికీ అంటాను. ఇంట్లో ఉండి చేయనక్కర్లేదు, అంతే!

వీధిలో మాత్రం కొంచెం ఇబ్బందిగా ఉంది. పార్సిళ్ళు ఎవరివి వాళ్ళ గుమ్మాల ముందే పడుంటున్నాయి. మాస్టారు తాళంచెవి జేబులోనే పెట్టుకు తిరుగుతున్నారు. నిన్న సాయంత్రం టైలరమ్మ గారు ఇక ఉండబట్టలేక వదినను ఆపి అడిగారు.

"మీ అత్తగారు కూడా రోజూ బ్యాగు పట్టుకుని వెళ్తున్నారు. ఈ వయసులో ఏ ఆఫీసులో చేరారమ్మా?"

"మా ఆఫీసులోనే అండీ," అంది వదిన. "కొత్తగా చేరడమేంటి? ఆవిడ అక్కడ నాకంటే ఇరవై ఆరేళ్ళు సీనియరు!"